కత్తికి తోడుగా కూర్చున్న చెయ్యి

సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్ల రద్దీని దాటుకుంటూ వెళ్లేవారిలో ఎందరో అక్కడి ఆసుపత్రిని చూసే ఉంటారు. ఆంగ్లేయుల కాలంలో అది రెసిడెన్సీ ఆసుపత్రి. ఆపరేషన్ అనగానే మనకు కత్తి పట్టిన చెయ్యే గుర్తొస్తుంది. ఈ వారం మేము తలచుకుంటున్నది మాత్రం ఆ కత్తికి దారి చేసిన స్త్రీని, డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీని.

పార్సీ కుటుంబపు ఆడపిల్ల. 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరింది. అక్కడి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఆమెకు మత్తు ఇచ్చే పనిలో తర్ఫీదు ఇప్పించారు.

మత్తు లేని రోజుల్లో డాక్టరు గొప్పతనమంతా వేగంలోనే ఉండేది. రోగి కేకలు పెడుతూ గింజుకుంటుంటే కత్తి పరుగెత్తక తప్పదు. 1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫాం వాడుకలోకి వచ్చాక చేతికి నిదానం అలవడింది. పొడవైన కోతకు పిడిని పైనుంచి పట్టి, చూపుడు వేలు వీపు మీద ఆనిస్తారు. అప్పుడు కోసేది మొన కాదు, అలుగు వంపు. నరాలూ రక్తనాళాలూ ఉన్నచోట కత్తిని కలంలా పట్టి, చిటికెన వేలిని ఆధారంగా ఆనించుకుంటారు. ఇంకొకరికి అందించేటప్పుడు పిడి అందుకునేవారి వైపే ఉండాలి. ఇవన్నీ నేర్చుకున్న చెయ్యి అయినా, రోగి ఒక్కసారి కదిలితే ఏం చేయగలదు?

అందుకే తల దగ్గర కూర్చున్నవారి మీద అంత భారం. క్లోరోఫాం తక్కువైతే రోగి కదులుతాడు, ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. నాడి కంటే ఊపిరినే కనిపెట్టి ఉండమని లారీ బోధ. ఆ వాదాన్ని తేల్చడానికి 1889లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో రెండవ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. రూపాబాయి కూడా ఆ పనిలో పాలుపంచుకుంది. గుండెకు నేరుగా ప్రమాదం లేదని కమిషన్ తేల్చిన మాట తర్వాత నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన దాన్ని కొట్టేసింది. లారీది మొండి పట్టే అని మాకనిపిస్తుంది. కానీ ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్న జాగ్రత్త మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రుల్లో ఆమె ఏళ్ల తరబడి ఈ పనే చేసింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరని నేడు చాలామంది అంటారు. అయినా తనకు తెలిసింది చాలదనుకుంది. 1909లో ఎడిన్‌బరో వెళ్లింది. మత్తుకంటూ అక్కడ ప్రత్యేకమైన చదువు లేకపోవడంతో భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంది. తిరిగి హైదరాబాద్ వచ్చి, మళ్లీ ఆపరేషన్ బల్ల దగ్గర రోగి తలవైపు తన చోట కూర్చుంది.