జట్టు ఆయనదే.. గ్రౌండ్ ఆయనదే.. చివరికి బోర్డూ ఆయనదే! విజయనగరం విజ్జీ కథ తెలుసా?

ఊళ్లో క్రికెట్ టోర్నీ పెట్టారనుకోండి. బాల్స్ కొనేది ఒకాయన, టెంట్ వేయించేది ఆయనే, కప్పు ఇచ్చేది కూడా ఆయనే. అలాంటాయన వచ్చి నేనే కెప్టెన్ అంటే కాదనేదెవరు? సీఎస్‌పురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఊరి కుర్రాళ్లని అడిగినా ఈ తలనొప్పి గురించి చెబుతారు. కానీ ఇదే సీన్ ఇండియా టెస్ట్ టీమ్‌లో జరిగింది. అదీ ఇంగ్లండ్ గడ్డ మీద. అందులో మెయిన్ క్యారెక్టర్ మన తెలుగు నేల మీద పుట్టిన రాజకుమారుడే.

ఆయన పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. రికార్డుల్లో మహారాజ్ కుమార్ ఆఫ్ విజయనగరం. క్రికెట్ లోకానికి మాత్రం విజ్జీ.

ఆటకి డబ్బు పెట్టే ప్రమోటర్‌కీ, ఆటని నడిపే బోర్డుకీ పడకపోవడం ఇప్పటి సంగతేం కాదు. పూల్ ఆటలో మ్యాచ్‌రూమ్ అనే ప్రమోటర్ కంపెనీకీ, ప్రపంచ సమాఖ్యకీ మధ్య ఈ మధ్యే పెద్ద రచ్చ నడిచింది. 2007లో ఐసీఎల్ వచ్చినప్పుడు బీసీసీఐ ఏం చేసిందో గుర్తుందిగా? హైదరాబాద్ హీరోస్‌కి ఆడిన అంబటి రాయుడు లాంటి కుర్రాళ్లు 2009లో క్షమాభిక్ష దొరికేదాకా బోర్డు గడప బయటే ఉండిపోయారు. అయితే ప్రమోటర్‌గా మొదలై, బోర్డుతో బేరాలాడి, బోర్డు వేయించిన విచారణలో తిట్లు తిని, మళ్లీ అదే బోర్డుకి అధ్యక్షుడైన మనిషి మాత్రం విజ్జీలా ఇంకొకరు కనిపించరు.

ఇంతకీ ఎవరీ విజ్జీ?

1905 డిసెంబర్ 28న విజయనగరం సంస్థానంలో పుట్టారు. రాజావారికి రెండో కొడుకు. అజ్మీర్ మేయో కాలేజీలోనూ, తర్వాత ఇంగ్లండ్‌లోనూ చదువుకున్నారు. టెన్నిస్ బాగా ఆడేవారు. వేట అంటే పిచ్చి. 1922లో తండ్రి పోయాక గద్దె అన్నగారు అలక్ నారాయణ గజపతికి దక్కింది. ఆ అన్నగారి కొడుకే పీవీజీ రాజు, మనవడు మాజీ కేంద్ర మంత్రి అశోక్ గజపతిరాజు. అంటే అశోక్ గజపతికి విజ్జీ చిన్నతాత వరస అవుతారు.

రెండో కొడుక్కి రాజ్యం లేదు. కానీ కాశీలో కుటుంబానికి ఎస్టేట్లు ఉన్నాయి. విజ్జీ అక్కడికి మకాం మార్చారు. చేతిలో బోలెడు డబ్బు, బోలెడు టైమ్. 1926లో సొంత టీమ్ పెట్టేశారు. ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ వేయించారు. ఇండోర్‌లో హైస్కూల్ చదువుకుంటున్న ముస్తాక్ అలీ అనే కుర్రాణ్ణి చూసి ముచ్చటపడి, కాశీకి రప్పించి ట్రైనింగ్ ఇప్పించారు. ఈ కుర్రాడి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

అప్పటికి బీసీసీఐ ఇంకా పసిగుడ్డు. 1928 డిసెంబర్‌లో పుట్టింది. గ్రాంట్ గోవన్ అధ్యక్షుడు, ఆంథోనీ డిమెల్లో కార్యదర్శి. ఇప్పుడు బోర్డు దగ్గర డబ్బు ఎంతో అందరికీ తెలుసు. అప్పుడు మాత్రం ఏ టూర్ వేయాలన్నా మహారాజుల వైపు చేయి చాచాల్సిందే. అందులో అందరికంటే పెద్ద చేయి పటియాలా మహారాజా భూపిందర్ సింగ్‌ది.

1930-31 చలికాలంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ టీమ్ ఇండియాకి రావాలి. కానీ దేశమంతా శాసనోల్లంఘన ఉద్యమం నడుస్తోంది. టూర్ క్యాన్సిల్. సరిగ్గా ఇక్కడే విజ్జీ ఎంట్రీ ఇచ్చారు. బోర్డు టూర్ లేకపోతేనేం, నా టూర్ ఉందిగా అన్నట్టు సొంత టీమ్ కట్టి ఇండియా, సిలోన్‌లు తిప్పారు. అందులో ఓపెనర్లు ఎవరో తెలుసా? సాక్షాత్తూ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్! అప్పటికి ప్రపంచంలో నంబర్ వన్ ఓపెనింగ్ జోడీ అది. ఇలాంటి టూర్లకి రమ్మని వచ్చిన పిలుపుల్ని హాబ్స్ అంతకుముందు ఐదుసార్లు కాదన్నాడు. విజ్జీ పిలిస్తే వచ్చాడు. మరి కెప్టెన్ ఎవరు? ఇంకెవరు, విజ్జీనే.

సికింద్రాబాద్‌లో నవాబ్ మొయినుద్దౌలా పెట్టిన గోల్డ్ కప్‌లోనూ విజ్జీ జట్టు ఆడింది. కొన్నేళ్ల తర్వాత వెస్టిండీస్ మెరుపు ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్‌ని కూడా ఇండియాకి రప్పించారు. విజ్జీని తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం దండం పెట్టాల్సిందే. ఇక్కడి కుర్రాళ్లు హాబ్స్ పక్కన నిలబడి ఆడే ఛాన్స్ అప్పట్లో ఏ బోర్డూ ఇవ్వలేకపోయింది.

ఆ ఒక్క టూర్‌తో ఇండియన్ క్రికెట్‌లో పటియాలా తర్వాత పేరు విజ్జీదే అయిపోయింది. ఇక అక్కడి నుంచి ఇద్దరి మధ్యా పోటీ. 1932 ఇంగ్లండ్ టూర్‌కి బోర్డుకి 50 వేల రూపాయలు ఇస్తానన్నారు విజ్జీ. ఆ రోజుల్లో 50 వేలంటే మామూలు మాట కాదు. బదులుగా ఆయనకో పదవి దొరికింది. పేరు డిప్యూటీ వైస్ కెప్టెన్! ఇలాంటి పోస్టు ఒకటి ఉంటుందని ఎవరైనా విన్నారా? కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు, ఆ తర్వాత విజ్జీ. ఆరోగ్యం, ఫామ్ బాగా లేవంటూ ఆయన ఆ టూర్ నుంచి తప్పుకున్నారు. పోర్‌బందర్ మహారాజా తన ఆట సంగతి తనకి తెలుసు కాబట్టి, లార్డ్స్‌లో ఇండియా తొలి టెస్ట్‌కి పక్కకి జరిగి సీకే నాయుడికి పగ్గాలిచ్చారు. సీకే నాగపూర్‌లో పుట్టిన మన తెలుగువారే. కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి. అలా ఇండియా తొలి టెస్ట్ కెప్టెన్ తెలుగువాడయ్యాడు.

ఈలోగా ఢిల్లీలో కొత్త కథ మొదలైంది. వైస్రాయ్ విల్లింగ్డన్‌కీ పటియాలాకీ చెడింది. విజ్జీ వెంటనే వైస్రాయ్ పక్కన చేరిపోయారు. ఫిరోజ్‌షా కోట్లా గ్రౌండ్‌లో విల్లింగ్డన్ పేరుతో పెవిలియన్ కట్టించారు. జాతీయ చాంపియన్‌షిప్‌కి విల్లింగ్డన్ పేరు మీద బంగారు ట్రోఫీ ఇస్తానన్నారు. పటియాలా ఊరుకుంటారా? ఆయన రంజీ పేరుతో ట్రోఫీ తెచ్చారు. చివరికి రంజీనే గెలిచింది. లేకపోతే ఇవాళ మనం విల్లింగ్డన్ ట్రోఫీ స్కోర్లు చూస్తుండేవాళ్లం.

1935-36లో పటియాలా ఇంకో దెబ్బ కొట్టారు. సొంత ఖర్చుతో జాక్ రైడర్ కెప్టెన్సీలో ఆస్ట్రేలియా టీమ్‌ని రప్పించారు. అక్కడి బోర్డు అదే సీజన్‌లో దక్షిణాఫ్రికా టూర్‌కి కావాల్సిన ఆటగాళ్లని పంపలేదు. దాంతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. అయినా నాలుగు అనధికార టెస్టులు జరిగాయి, సిరీస్ 2-2. ప్రమోటర్ ఒకవైపు, బోర్డు ఒకవైపు లాగితే మధ్యలో టీమ్ ఎలా తయారవుతుందో దానికి ఇది అసలైన శాంపిల్.

సీన్ కట్ చేస్తే.. 1936.

ఇంగ్లండ్ టూర్‌కి మొదట పటౌడీ నవాబ్ పేరు వినిపించింది. ఆయన తప్పుకున్నారు. ఆట ప్రకారం చూస్తే సీకే నాయుడు ఉన్నారు. కానీ లాబీయింగ్ నడిచింది, ఓటింగ్ నడిచింది, విజ్జీ కెప్టెన్ అయ్యారు. ఆయన వెంట 36 పెట్టెల సామాను, ఇద్దరు సేవకులు ఓడ ఎక్కారని చెప్పుకుంటారు. మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ వైస్రాయ్ కొలువు మనిషి. ఇక కెప్టెన్‌ని అడిగేవాడెవడు?

టీమ్ రెండుగా చీలిపోయింది. కెప్టెన్ మనుషులు ఒకవైపు, సీకే వైపు వాళ్లు ఇంకోవైపు. అప్పటికి ఫుల్ ఫామ్‌లో ఉన్నది లాలా అమర్‌నాథ్. ఇండియా తరఫున తొలి టెస్ట్ సెంచరీ కొట్టినవాడు. ఆ టూర్‌లో అప్పటికే 600కి పైగా పరుగులు, 30కి పైగా వికెట్లు. ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. ప్యాడ్స్ కట్టుకుని రెడీగా ఉండమన్నారు. తర్వాత ఆయన్ని ఆపి వేరేవాళ్లని ముందు పంపారు. ఒకరి తర్వాత ఒకరు వెళ్తున్నారు, ఈయన ప్యాడ్స్‌తో కూర్చునే ఉన్నాడు. చివర్లో బ్యాటింగ్‌కి వెళ్లి తిరిగొచ్చి, డ్రెస్సింగ్ రూమ్‌లో కిట్ విసిరేసి పంజాబీలో ఏదో గొణిగాడు. అంతే! కెప్టెన్, మేనేజర్ కలిసి తొలి టెస్ట్ ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు.

టీమ్‌లో బెస్ట్ ఆల్‌రౌండర్ లేకుండా టెస్ట్ సిరీస్. ఫలితం ఊహించగలరు. లార్డ్స్‌లో 9 వికెట్ల తేడాతో ఓటమి. ఓవల్‌లోనూ 9 వికెట్ల తేడాతోనే ఓటమి. మాంచెస్టర్ ఒక్కటే డ్రా. అదీ విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 కొట్టి తొలి వికెట్‌కి 203 పరుగులు జోడించబట్టి. అవును, కాశీకి రప్పించిన ఆ కుర్రాడే. విదేశాల్లో టెస్ట్ సెంచరీ కొట్టిన తొలి ఇండియన్ అయ్యాడు. మర్చంట్‌ని రనౌట్ చేయించమని ముస్తాక్‌కి కెప్టెన్ చెప్పారనీ, ముస్తాక్ ఆ మాట మర్చంట్‌కే చెప్పేసి ఇద్దరూ నవ్వుకున్నారనీ ఒక కథ ఉంది. ఓవల్ టెస్ట్‌లో బాకా జిలానీకి చోటు దొరకడానికి కారణం ముందురోజు టిఫిన్ దగ్గర సీకేని అవమానించడమే అని ఇంకో కథ. మళ్లీ అదే టెస్ట్‌లో దెబ్బ తగిలినా నిలబడి 81 కొట్టింది సీకేనే.

మరి కెప్టెన్ ఎంత కొట్టారు? మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు. హయ్యెస్ట్ 19 నాటౌట్. సగటు 8.25. ఈజీ బాల్స్ వేస్తే ప్రత్యర్థి కెప్టెన్‌కి బంగారు వాచీ ఇచ్చారనే ముచ్చట కూడా ప్రచారంలో ఉంది. టూర్ జరిగిన ఆ ఏడాదే ఆయనకి నైట్‌హుడ్ దక్కింది. టీమ్ ఓడింది, కెప్టెన్ సర్ విజ్జీ అయ్యారు!

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. అమర్‌నాథ్‌ని పంపేయడం మీద దేశమంతా మండిపడింది. బోర్డు విచారణ కమిటీ వేయక తప్పలేదు. దానికి పెద్ద బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్. 1937 జనవరిలో రిపోర్ట్ వచ్చింది. అమర్‌నాథ్‌కి క్లీన్‌చిట్. విజ్జీకి మాత్రం చీవాట్లు. ఫీల్డింగ్ ఎలా పెట్టాలో, బౌలర్లని ఎప్పుడు మార్చాలో కెప్టెన్‌కి తెలియదనీ, బ్యాటింగ్ ఆర్డర్ ఒక పద్ధతిలో నడవలేదనీ కమిటీ తేల్చేసింది. ఆయన మళ్లీ టెస్ట్ ఆడలేదు.

చాలామంది చెప్పే విజ్జీ కథ ఇక్కడే ఆగిపోతుంది. కానీ అలా ఆపేస్తే సగమే చెప్పినట్టు.

1947లో నైట్‌హుడ్ వదులుకున్నారు. రాజ్యాలు పోయాయి, వైస్రాయ్‌లు పోయారు. విజ్జీ మాత్రం క్రికెట్‌ని వదల్లేదు. ఈసారి బ్యాట్‌తో కాదు, ఫైళ్లతో. యూపీ క్రికెట్‌ని దగ్గరుండి నడిపించారు. బోర్డులో మెట్లెక్కారు. 1952లో ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు పాకిస్తాన్ సిరీస్‌కి కెప్టెన్‌గా మళ్లీ ఎవరిని తెచ్చారో తెలుసా? లాలా అమర్‌నాథ్‌ని! పదహారేళ్ల కిందట తన చేత్తో ఓడ ఎక్కించిన మనిషినే. 1954 నుంచి 1957 దాకా ఏకంగా బీసీసీఐ అధ్యక్షుడు. తనని తప్పుపట్టిన కమిటీ వేసిన బోర్డుకే బాస్.

ఇంకో ట్విస్ట్ ఉంది. 1956-57 రంజీ సీజన్‌లో యూపీ టీమ్‌కి కెప్టెన్‌గా 61 ఏళ్ల మనిషి బరిలోకి దిగారు. ఆయన సీకే నాయుడు. రప్పించింది విజ్జీ. 1936లో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు తెలుగువాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత కాశీ, కాన్పూర్‌ల దగ్గర ఒకే జట్టు పనిలో కలిశారు. ఇద్దరిలో ఎవరు ముందు మెట్టు దిగారో గానీ, ఆ సీజన్ స్కోర్‌కార్డుల్లో మాత్రం సీకే పేరు ఉంది.

1958లో పద్మభూషణ్ వచ్చింది. 1959లో ఇండియా టీమ్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బీబీసీలో కామెంటరీ చెప్పారు. ఆయన కామెంటరీ సాగదీత మీద బోలెడు జోకులు ఉన్నాయి. తాను పులులని ఎలా వేటాడారో విజ్జీ చెబుతుంటే, రేడియోలో మీ కామెంటరీ వినిపించి చంపారేమో అనుకున్నానని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నాడని చెప్పుకునేది అందులో ఫేమస్.

సొంత గడ్డని కూడా మర్చిపోలేదు. 1960లో, మళ్లీ 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. ఎంపీగా ఉండగానే 1965 డిసెంబర్ 2న కాశీలో కన్నుమూశారు. వయసు 59. యూనివర్సిటీ జోన్ల మధ్య జరిగే విజ్జీ ట్రోఫీ ఆయన పేరు మీదే. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది.

1930-31లో బోర్డుతో పని లేకుండా ఆయన తిప్పిన టూర్ లెక్క మాత్రం ఇంకా తెగలేదు. ఆ మ్యాచ్‌లలో జాక్ హాబ్స్ రెండు సెంచరీలు కొట్టాడు. అవి ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లా, కాదా? క్రికెట్ గణాంకాల వాళ్ల సంఘం అవునంటుంది, విజ్డెన్ కాదంటుంది. అందుకే హాబ్స్ సెంచరీలు ఒక పుస్తకంలో 199, ఇంకో పుస్తకంలో 197.