కడలిని పదంలో పట్టిన అన్నమయ్య

మన తిరుత్తణిలో బస్సెక్కితే తిరుపతి ఇంచుమించు రెండు గంటల దారి. ఆ కొండ దేవుడి మీద తెలుగులో వేల పదాలు పాడిన తాళ్లపాక అన్నమాచార్యుల జీవితం మన బడి పిల్లలకు తప్పక తెలియాలి.

అన్నమయ్య 1408లో తాళ్లపాకలో పుట్టారు. ఆ ఊరు రాజంపేట దగ్గర ఉంది. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. చిన్నతనంలోనే ఇల్లు విడిచి తిరుమల చేరారు. 1424లో, పదహారో ఏట, సంకీర్తనలు చెప్పడం మొదలుపెట్టారని రాగిరేకుల వల్ల తెలుస్తోంది.

తర్వాత అహోబిలంలో ఆదివన్ శఠగోప యతి దగ్గర వేదాంతం చదివారు. ఆ యతి స్థాపించిన అహోబిల మఠమే మన తిరువళ్లూరు వీరరాఘవస్వామి ఆలయాన్ని నేటికీ నిర్వహిస్తోంది. ఆ సంప్రదాయంలో ఆళ్వారుల తమిళ పాశురాలు వేదంతో సమానం. తమిళాన్ని అంతగా గౌరవించే చోట చదివినా అన్నమయ్య తెలుగు తగ్గలేదు, ఇంకా పదునెక్కింది.

తాళ్లపాకకూ సముద్రానికీ నడుమ కొండలున్నాయి. అయినా ఆయన పదాల్లో సముద్రం మాటిమాటికీ వస్తుంది. ఒకచోట అది లక్ష్మీదేవి పుట్టిల్లు. ఇంకోచోట దాటరాని సంసారం. సముద్రస్నానం గురించిన కీర్తన మరీ గొప్పది. అలలు ఆగాక మునుగుదామని ఒడ్డున నిలబడేవాడు ఎప్పటికీ మునగడు. మనసు నెమ్మదించాక దేవుణ్ణి తలుద్దామనుకునేవాడి సంగతీ అంతే. సముద్రం రంగు, లోతు ఆయన వర్ణించలేదు. దాని ఆగనితనం ఒక్కటే పట్టుకున్నారు. దానితోనే కడలి మన కళ్లముందు నిలుస్తుంది.

ఆ కీర్తనలో కడలు అంటే అలలు. కడ అంటే చివర. దగ్గరి మాటలను పక్కపక్కన పెట్టి, అలకు అంతం లేదన్న భావాన్ని చప్పుడులోనే వినిపించారు. తమిళంలో కడల్, అలై తెలిసిన మన పిల్లలకు కడలి, అల నేర్పడం ఎంత సులువో ఉపాధ్యాయులు గమనించాలి. పులికాట్ తీరానికి విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు, చూసిన అలను ఒక్క వాక్యంలో రాయమని అడిగి చూడండి.

అన్నమయ్య 1503లో పరమపదించారు. ఆయన చెప్పిన సంకీర్తనలు 32 వేలని ప్రతీతి. వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోని ఒక అరలో భద్రపరిచారు. శతాబ్దాల పాటు అవి మరుగున పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల శ్రమతో వెలుగు చూశాయి. దొరికినవి సగం కూడా లేవు. చదివేవారు లేకపోతే రాగి మీద చెక్కిన మాట కూడా మూగబోతుంది.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం రాని పిల్లలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. పరీక్షలయ్యాక నేర్పిద్దాం, పై తరగతికి వెళ్లాక చూద్దాం అనుకునే తల్లిదండ్రులు అన్నమయ్య చెప్పిన ఆ ఒడ్డు మనిషిని ఒకసారి తలుచుకోవాలి. అలలు ఆగేవి కావు. ఈ సాయంత్రమే ఒక పదం పలకమీద రాయించండి.