తాను చూడని ఫలం కోసం: సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్



ఇంట్లో బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ ఊరు, బడి, స్నేహితులు మారిపోవడం మీకు కొత్త కాదు. ప్రపంచం మెచ్చిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ కూడా అలాంటి ఇంట్లోనే పుట్టారు.

ఆయన తండ్రి సుబ్రహ్మణ్య అయ్యర్ రైల్వే లెక్కల తనిఖీ శాఖలో ప్రభుత్వ అధికారి. లాహోరులో పనిచేస్తుండగా 1910 అక్టోబరు 19న చంద్రశేఖర్ జన్మించారు. 1916లో కుటుంబం లక్నోకు, 1918లో మద్రాసుకు మారింది. పన్నెండేళ్ళు వచ్చేవరకు ఆయన చదువంతా ఇంట్లోనే సాగింది. తాతగారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. సర్ సి.వి. రామన్ స్వయానా పినతండ్రి.

1930లో పంతొమ్మిదేళ్ళ వయసులో ప్రభుత్వ ఉపకారవేతనంతో చంద్రశేఖర్ ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. తల్లి సీతాలక్ష్మి అప్పటికే తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు. అయినా ఆమే పట్టుబట్టి కొడుకును పంపారు. మరుసటి ఏడే ఆమె కన్నుమూశారు. కొడుకుకు కడసారి చూపు దక్కలేదు.

ఆ ఓడ ప్రయాణంలోనే ఆయన ఒక లెక్క మొదలుపెట్టారు. ఇంధనం అయిపోయిన నక్షత్రాలన్నీ కుంచించుకుపోయి శ్వేత కుబ్జతారలుగా మిగులుతాయని అప్పటి నమ్మకం. అది అన్నిటికీ వర్తించదని ఆయన లెక్క చెప్పింది. మిగిలిన ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటితే ఆ నక్షత్రం అక్కడ ఆగదు, ఇంకా కుంచించుకుపోతుంది. దీన్నే నేడు చంద్రశేఖర్ అవధి అంటున్నాం.

1935 జనవరిలో లండన్‌లోని ఖగోళ శాస్త్రవేత్తల సభలో ఆయన ఈ ఫలితాన్ని వినిపించారు. వెంటనే మహా శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేచి దాన్ని ఎగతాళి చేశారు. సభ నవ్వింది. అప్పటికి చంద్రశేఖర్ వయసు ఇరవై నాలుగు. ఆయన తగవు పెంచుకోలేదు, తన లెక్కనూ వదులుకోలేదు. 1939లో వెలువడిన తన గ్రంథంలో దాన్ని పొందుపరచి, మరో అంశం వైపు నడిచారు.

1937లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో చేరి జీవితాంతం అక్కడే పనిచేశారు. విశ్వవిద్యాలయం మారలేదు గాని, విషయం మాత్రం మారుస్తూనే ఉన్నారు. ఒక అంశాన్ని ఏళ్ళ తరబడి శోధించడం, దానిపై సమగ్ర గ్రంథం రాయడం, మళ్ళీ కొత్త అంశంలో విద్యార్థిలా మొదలుపెట్టడం ఆయన పద్ధతి. యాభై దాటాక ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతాన్ని చేపట్టారు.

భారీ ఖగోళ వస్తువులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఢీకొన్నప్పుడు దేశకాలంలోనే అలలు పుడతాయని ఆ సిద్ధాంతం చెబుతుంది. అవే గురుత్వ తరంగాలు. వేగంగా తిరిగే నక్షత్రం ఈ తరంగాలను వెదజల్లడం వల్లనే నిలకడ కోల్పోవచ్చని 1970లో చంద్రశేఖర్ చూపించారు. అప్పటికి ఆ అలలను నిర్ధారణగా పట్టుకున్న పరికరమే లేదు. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1995 ఆగస్టు 21న కన్నుమూశారు.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు తొలిసారి ఆ అలను పట్టుకున్నాయి. దాదాపు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన అల అది. దాన్ని పట్టే పరికరాల కోసం 1970 దశకం నుంచే ఆలోచన సాగింది. అంటే నలభై ఏళ్ళ శ్రమ!

రెండు కేంద్రాలతో అల ఏ దిక్కు నుంచి వచ్చిందో కచ్చితంగా తెలియదు. అందుకే దేశాలు చేతులు కలిపాయి. ఇటలీ, జపాన్‌లలో కేంద్రాలు వెలిశాయి. మన దేశంలో మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా నిర్మాణానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండే మూడు వ్యోమనౌకలతో 2035 ప్రాంతంలో లీసా అనే ప్రయోగం చేపట్టాలని ఐరోపా అంతరిక్ష సంస్థ సంకల్పించింది.

ఈ ప్రణాళికలు వేస్తున్న పెద్దల్లో చాలామంది అప్పటికి పదవీ విరమణ చేసి ఉంటారు. ఆ పరికరాల ముందు కూర్చోవలసినవారు ఇప్పుడు మీ తరగతుల్లోనే ఉన్నారు. చంద్రశేఖర్ లెక్కలు రాసిపెట్టి వెళ్ళారు, అలలు తరువాతివారికి చిక్కాయి. మామిడి మొక్క నాటిన క్వార్టర్‌ను కాయలు కాయకముందే విడిచి వెళ్ళే కుటుంబాలు మనవి. అయినా నాటడం మానకండి.