దేశము విడిచి వచ్చిన శిల్పి: బెంజమిను లాట్రోబు

చదువవలసిన భాగము: హెబ్రీ పత్రిక 11:8-10

అబ్రాహాము గుడారములలో నివసించుచు, పునాదులుగల పట్టణము కొరకు ఎదురుచూచిన సంగతి మనమెరుగుదుము. ఈ నెల, పరదేశము వెళ్లి ఇతరుల కొరకు గొప్ప కట్టడములు కట్టిన ఒక శిల్పి జీవితమును తలంచుకొందము.

బెంజమిను హెన్రీ లాట్రోబు 1764లో ఇంగ్లండులోని యార్కుషైరులో, ఫుల్నెకు అను మొరేవియను క్రైస్తవుల పల్లెలో పుట్టెను. తండ్రి ఆ సంఘములో పేరుగాంచిన బోధకుడు. తల్లి అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టినది. లోకము నలుమూలలకు మిషనెరీలను పంపిన సంఘమది. అన్న క్రిస్టియను ఇగ్నేషియసు ఆ మిషను సేవలోనే కొనసాగెను. తమ్ముడు బెంజమిను యౌవనములో ఆ సంఘమును విడిచి, ఇంజనీరు పనియు భవన నిర్మాణ విద్యయు నేర్చెను.

1793లో అతని భార్య లిడియా ప్రసవమందు చనిపోయెను. ఇద్దరు పసిబిడ్డలు మిగిలిరి. పని తగ్గెను, అప్పులు పెరిగెను. 1796లో అతడు సముద్రము దాటి వర్జీనియాలోని నార్ఫోకు రేవులో దిగెను. పిల్లలు తరువాత వచ్చి చేరిరి.

1793లో ఫిలడెల్ఫియా పట్టణమున పచ్చజ్వరము వేలమందిని బలిగొనియుండెను. మురికియు చెడ్డ నీరుమే కారణమని అనేకులు తలంచిరి. లాట్రోబు ఆవిరి యంత్రములతో నది నీటిని తోడించి, తొలిచిన మ్రానుల గొట్టములద్వారా 1801లో ఆ పట్టణమునకు అందించెను.

1803లో అధ్యక్షుడు జెఫర్సను అతనికి వాషింగ్టనులోని శాసనసభా భవనపు పని అప్పగించెను. అక్కడ అతడు కొన్ని స్తంభముల శిరస్సులమీద గ్రీకుల ఆకులకు బదులు, రైతు పండించు మొక్కజొన్న కంకులను చెక్కించెను. 1814లో బ్రిటిషు సైన్యము ఆ భవనమును కాల్చెను. ఏండ్ల కష్టము బూడిదయైనను మొక్కజొన్న స్తంభములు నిలిచెను. మరుసటి యేట లాట్రోబు తిరిగివచ్చి, కాలిన గోడలను మరల కట్టనారంభించెను.

1817 అతనికి చేదు సంవత్సరము. న్యూ ఆర్లీన్సులో నీటి పనులు చూచుచున్న పెద్ద కుమారుడు హెన్రీ సెప్టెంబరు 3న పచ్చజ్వరముతో మరణించెను. అదే యేట తండ్రి ఉద్యోగము విడిచి దివాలా తీసెను. అయినను కుమారుడు విడిచిన పనిని పూర్తిచేయుటకు ఆ పట్టణమునకే వెళ్లెను. 1820 సెప్టెంబరు 3న, కుమారుడు పోయిన తేదీనాడే, అదే జ్వరము అతనిని తీసికొనిపోయెను. ఆ జ్వరమును మోయునది దోమ అని వైద్యులు రుజువుచేసినది 1900లో.

అతని అంతరంగ విశ్వాసమునకు తీర్పు తీర్చుట మన పని కాదు. అయితే ఒక సంగతి మనము నేర్చుకొందము. శత్రువు ఎక్కడనుండి వచ్చుచున్నదో ఎరుగకయే అతడు పోరాడెను; అయినను దప్పిగొన్నవారికి అతడిచ్చిన నీరు వ్యర్థము కాలేదు. కాలిపోయిన దానిని మరల కట్టుటకు చేతులు చాపెను. మన గ్రామములలో ఇటుకలు మోయువారును, పనికై దూర పట్టణములకు వలస పోవువారును తాము కట్టిన మేడలలో కాపురముండరు. వారి చెమటను దేవుడెరుగును. మనుష్యులు కట్టినది అగ్నికి ఆహుతి కావచ్చును. దేవుడు తానే శిల్పియై నిర్మించిన పట్టణములో పరదేశి ఎవడును ఉండడు. ఆ పట్టణముమీద దృష్టి నిలిపి, నేటి మన పనిని నమ్మకముగా చేయుదుము గాక. ఆమేన్.