మన మండలం బిడ్డ సుందరయ్య గారు

పుచ్చలపల్లి సుందరయ్య గారు 1913 మే 1న మన విడవలూరు మండలం అలగానిపాడులో భూస్వాముల ఇంట పుట్టారు. పెద్దలు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆ కులం తోకను ఆయనే తీసేసుకున్నారు. మన హాస్టల్లో పెరిగిన వారికి ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో సత్యాగ్రహంలో చేరి జైలుకెళ్లారు. వచ్చాక ఉద్యోగం వెతుక్కోకుండా సొంత ఊర్లో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టారు. ఆ కూలీలు ఎవరి పొలాల్లో పనిచేసేవారు? ఆయన వర్గం వారి పొలాల్లోనే! తన వాటా ఆస్తిని అమ్మి పార్టీకిచ్చారు. 1943లో లీల గారిని పెళ్లాడారు. ఉద్యమానికి అడ్డు కాకూడదని పిల్లలు వద్దనుకున్నారు.

1946లో నిజాం రాజ్యంలో దొరల వెట్టిచాకిరికి ఎదురు తిరిగిన రైతుల పోరు సాయుధ పోరాటమైంది. దాన్ని నడిపిన ముఖ్యుల్లో సుందరయ్య గారొకరు. ఆయన లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పేదలకు పంచారు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. రజాకార్లు పోయారు కదా, తుపాకులు దించుదామని రావి నారాయణరెడ్డి గారి వంటివారు అన్నారు. దించితే పంచిన భూమి మళ్లీ దొరలపాలవుతుందని సుందరయ్య గారి వైపువారు వాదించారు. చైనా దారే మనకూ దారి అని ఆంధ్ర కమ్యూనిస్టు నాయకులు ఆ ఏడాదే తేల్చుకున్నారు. ఆ చలికాలంలోనే, 1948 నవంబరు నుంచి 1949 జనవరి వరకు, చైనాలో హువాయ్‌హాయ్ యుద్ధం జరిగింది. లక్షలాది రైతులు తోపుడు బండ్లపై ధాన్యం మోసి ఎర్రసైన్యాన్ని నిలబెట్టారు. చాంగ్ కై షేక్ 5 లక్షలకు పైగా సైన్యాన్ని పోగొట్టుకున్నాడు.

ఇక్కడ అంత సైన్యమేదీ? గోదావరి, నల్లమల అడవుల్లో చిన్న చిన్న దళాలు మాత్రమే. మొత్తం పోరాటంలో 4,000 మంది వరకు ప్రాణాలిచ్చారు. చివరకు 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అయినా సైన్యం వచ్చాక కూడా పోరాడడం సరైనదేనని 1972లో రాసిన పుస్తకంలో ఆయన గట్టిగా నిలబడ్డారు. ఈ విషయంలో నేటికీ వాదనలున్నాయి. భూమి చేతికొచ్చిన పేదవాడి వైపు నుంచి చూస్తే ఆయన పట్టుదల అర్థమవుతుంది.

1952లో రాజ్యసభకు వెళ్లి, పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. తర్వాత గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. 1985 మే 19న కన్నుమూశారు. హైదరాబాదులో ఆయన పేరిట విజ్ఞాన కేంద్రం, పెద్ద గ్రంథాలయం ఉన్నాయి. అటు వెళ్లే పూర్వ విద్యార్థులు తప్పక చూడండి.