ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఆకాశంలో అసంఖ్యాకంగా సంచరించే రేడియో తరంగాల నుంచి కోరిన ఒక్కదానిని ఎన్నుకొని, స్పష్టమైన ధ్వనిగా వినిపించడమే రేడియో రిసీవరు ధర్మం. ఆ పనికి శాశ్వతమైన రూపాన్ని కల్పించిన శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్.

ఆయన 1890 డిసెంబరు 18న న్యూయార్క్ నగరంలో జన్మించాడు. బాల్యంలో తీవ్రమైన అస్వస్థతకు గురై కొంతకాలం బడికి దూరమయ్యాడు. యంత్రాలపై మక్కువతో ఇంటి అటకనే ప్రయోగశాలగా మార్చుకొన్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగానే, 1912లో, వాక్యూమ్ ట్యూబు నుంచి వెలువడిన సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి దానికే అందించి, బలహీనమైన సంకేతాన్ని అనేక రెట్లు పెంచాడు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, అమెరికా సైన్యాధికారిగా పారిస్‌లో పనిచేస్తూ, 1918లో ఆయన సూపర్ హెటెరోడైన్ పద్ధతిని రూపొందించాడు. ఇందులో వచ్చిన తరంగాన్ని రిసీవరులోనే పుట్టించిన మరొక తరంగంతో కలుపుతారు. ఉదాహరణకు 1000 కిలోహెర్ట్జ్ తరంగాన్ని 1455 కిలోహెర్ట్జ్ తరంగంతో కలిపితే, వాటి భేదమైన 455 కిలోహెర్ట్జ్ సంకేతం లభిస్తుంది. ఏ కేంద్రాన్ని ఎన్నుకొన్నా ఈ భేదం మారకుండా చూస్తారు. అందువల్ల దానిని వడగట్టడం, పెంచడం సులభమవుతుంది.

ఉరుముల మెరుపుల వల్ల కలిగే గరగర శబ్దాన్ని తొలగించడం ఆయన తదుపరి లక్ష్యం. అటువంటి అలజడి ముఖ్యంగా తరంగపు ఎత్తును చెదరగొడుతుంది. కనుక ధ్వనిని ఎత్తులో గాక పౌనఃపున్యపు మార్పులలో పొదిగి పంపాడు. ఈ ఎఫ్.ఎం. పద్ధతికి 1933లో పేటెంట్లు లభించాయి.

ప్రతిభకు తగిన శాంతి మాత్రం ఆయనకు దక్కలేదు. తొలి ఆవిష్కరణపై లీ డి ఫారెస్ట్‌తో సాగిన వ్యాజ్యంలో 1934లో సుప్రీంకోర్టు తీర్పు ఆయనకు ప్రతికూలంగా వచ్చింది. మనస్తాపంతో, ఆ ఆవిష్కరణకు లభించిన పతకాన్ని తిరిగి ఇవ్వబోగా, రేడియో ఇంజనీర్ల సంస్థ స్వీకరించక ఆయన ఘనతను పునరుద్ఘాటించింది. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. తరంగశ్రేణిని మార్చడంతో పాత రిసీవర్లు నిరుపయోగమయ్యాయి. 1948లో ఆర్.సి.ఎ. సంస్థపై వేసిన పేటెంటు దావా ఆయన ధనాన్ని, ఆరోగ్యాన్ని హరించింది. నిరాశకు లోనై 1954లో ఆయన ప్రాణత్యాగం చేసుకొన్నాడు. భార్య మారియన్ ధైర్యం కోల్పోక పోరాటాన్ని కొనసాగించింది. 1967 నాటికి చివరి వ్యాజ్యంలోనూ విజయం ఆమెనే వరించింది.

నేటి సాఫ్ట్‌వేర్ రేడియోలో తరంగం అంకెలుగా మారుతుంది. ఎఫ్.పి.జి.ఎ. అనే చిప్‌లో ఇంజనీర్లు తమకు కావలసిన విభాగాలను తామే నిర్మించుకొంటారు. ఒక ద్వారం గుండా వచ్చిన సంకేతపు అంకెలను, మరొక ద్వారం గుండా వచ్చిన తరంగపు అంకెలతో గుణించి, ఫలితాన్ని వడపోత విభాగానికి అందిస్తారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్యూబులతో చేసిన పనినే ఇక్కడ గణితం నిర్వహిస్తుంది. పరికరాలు మారినా, కలిపి, వడగట్టి, ధ్వనిని వెలికితీసే క్రమం మారలేదు. న్యాయస్థానంలో ఆలస్యంగా లభించిన గుర్తింపు, ప్రతి రిసీవరులోనూ ఆయనకు నిత్యం లభిస్తూనే ఉంది.