పంట లెక్క నేర్పిన మహలనోబిస్

స్టాటిస్టిక్స్ తీసుకున్న మా బి.యస్సీ. వాళ్లకు మహలనోబిస్ అంటే ఒక దూరం. మహలనోబిస్ డిస్టెన్స్ అని సూత్రం బట్టీపట్టి, పరీక్షలో దించేసి, మార్కులు తెచ్చుకుంటాం. ఆ పేరుగల పెద్దమనిషి తన జీవితంలో మంచి భాగాన్ని వరి, జనపనార చేల లెక్కలకు ధారపోశాడన్న సంగతి సిలబస్‌లో లేదు. సేద్యం చేసుకునే ఇంట్లోంచి వచ్చినవాణ్ణి కనుక, నాకు సూత్రం కంటే ఈ సంగతే ముఖ్యమనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చదివి, 1913లో కేంబ్రిడ్జి వెళ్లారు. 1915లో చదువు ముగించి ఇంటికి బయలుదేరే వేళకు యుద్ధం మూలాన ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో ఒక అధ్యాపకుడు ఆయనకు బయోమెట్రికా అనే పత్రిక చూపించారు. ఆయన ఆ సంపుటాలన్నీ కొనేసి, ఓడలో చదువుకుంటూ వచ్చారట. ఉద్యోగం మాత్రం ప్రెసిడెన్సీలో ఫిజిక్సు పాఠాలు చెప్పడమే. ఆ డిపార్ట్‌మెంటులోనే ఒక గదిలో మొదలైన స్టాటిస్టిక్స్ పని 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది.

అంతకుముందు 1926లో ఒరిస్సాలో పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేటవేసి పైకి లేచింది, గట్లు ఎత్తు చేయాల్సిందేనని ఇంజనీర్లు తేల్చారు. మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ల వాన లెక్కలూ, నీటిమట్టాలూ ముందేసుకు కూర్చుని, అడుగు ఏమీ లేవలేదనీ, ఎగువన ఆనకట్టలు కట్టి నీరు ఆపాలనీ చెప్పారు. కంటికి కనబడిన ఒక్క వరదను పట్టుకుని తీర్పు చెప్పకూడదన్న పట్టుదల ఆయనకు అప్పటినుంచే ఉంది.

ఇక అసలు కథ జనపనారది. మద్రాసు రాజధానిలో రైత్వారీ పద్ధతి ఉండేది గనుక, ఊరూరా కరణం అడంగల్ రాసేవాడు. బెంగాల్లో జమీందారీ శాశ్వత పరిష్కారం. గ్రామస్థాయిలో అలా రాసే మనిషి లేడు. ఎన్ని ఎకరాల్లో జనపనార వేశారంటే పైవాళ్లు ఊహించి చెప్పడమే. ఆ ఊహ మీద ధర నడిచేది, ధర మీద రైతు బతుకు నడిచేది. మహలనోబిస్ 1937లో కొద్దిపాటి మేర శాంపిల్ సర్వే మొదలుపెట్టి, ఏటేటా పెంచుకుంటూ, 1941కి బెంగాల్ మొత్తానికీ విస్తరింపజేశారు. ముందు చిన్నగా చేసి, ఖర్చెంత, పొరపాటెంత అని చూసుకుని, ఆ తరువాతే పెద్ద సర్వేకి దిగడం ఆయన పద్ధతి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఆడవాళ్లంటారు. నిజమే గాని, గిన్నెలో నీళ్లు కుతకుత ఉడుకుతూ మెతుకులన్నీ కలిసిపోతేనే ఆ మాట చెల్లుతుంది. పొలాన్ని ఎవరు కలియబెడతారు? కాలవ కింద ఒక తీరు, చివరి చేలో ఒక తీరు. కనుక ఏ కమతం చూడాలో మనిషి ఇష్టానికి వదలక, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికనుంచి తీయాలన్నారు. అంతటితోనూ ఆగలేదు. శాంపిల్‌ను రెండు భాగాలు చేసి రెండు జట్లకు విడివిడిగా ఇచ్చేవారు. రెండు జవాబులూ కలవకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. లెక్క వేసేవాణ్ణి కూడా లెక్కలోకి తెచ్చిన ఈ ఏర్పాటే ఆయన పనుల్లోకెల్లా గొప్పదని నా అభిప్రాయం.

1940లలో ఒక ఏడు ప్రభుత్వం ప్రతి కమతానికీ మనిషిని పంపి జనపనార లెక్క తీయించింది. అది దాదాపు 63 లక్షల బేళ్లు తేలింది. శాంపిల్ లెక్క 75 లక్షలు. చివరికి వ్యాపారం ద్వారా తేలిన లెక్క 75 లక్షల దగ్గరే నిలిచింది. శాంపిల్‌కైన ఖర్చు మాత్రం దాదాపు పదోవంతు.

ఆయనా తప్పులకు అతీతుడు కాదు. దిగుబడి చూడటానికి చేలో చిన్న వృత్తం గీసి కోయించేవారు. అంచుమీద ఉన్న దుబ్బు లోపలిదా, బయటిదా? కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది. వ్యాసార్ధం రెట్టింపైతే వైశాల్యంతో పోల్చినప్పుడు అంచు వాటా సగమవుతుంది, కాబట్టి చిన్న వృత్తంలో ఈ తప్పు పెద్దదవుతుంది. పి.వి. సుఖాత్మే ఇదే ఎత్తిచూపి పెద్ద మళ్లే కోయాలని వాదించారు. ఈ విషయంలో నేను సుఖాత్మే పక్షం. ఇప్పుడు మా వైపు వరికి కోసేది అయిదు మీటర్ల చదరం.

మా ఊళ్లో ఒక ఏడు ఆ చదరం కాగితం మీద కాలవ అవతలి ఎండుచేలో పడింది. వచ్చినవాళ్లు అంతదూరం నడవలేక రోడ్డు పక్క ఒత్తుగా ఉన్న మడిలో కోసుకుపోయారు. సగటు పెరిగింది, బీమా రాలేదు. మా నాన్నకి యాదృచ్ఛికం అనే మాట తెలియదు, దాని ఖరీదు మాత్రం తెలుసు.

1943 బెంగాల్ కరువు తరువాత ఆయన సంస్థ పల్లెల్లో సర్వే చేసింది. చచ్చిపోయినవాళ్లను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఫలానా కుటుంబం కరువుకు ముందు ఏ వృత్తిలో ఉంది, తరువాత ఎందులోకి దిగింది, భూమి ఎంత అమ్ముకుంది, అరక పశువులు ఎన్ని పోయాయి అని అడిగారు. వృత్తి పేరుకే గాని అంకెకు లొంగదు, పశువులు లెక్కకు వస్తాయి, భూమి కొలతకు వస్తుంది. మా క్లాసులో మొదటివారం చెప్పే దత్తాంశ రకాలన్నీ అక్కడ ఒక్క కుటుంబం కష్టంలోనే ఉన్నాయి.

తరువాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే, 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళిక, 1968లో పద్మవిభూషణ్. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు 1941లో కలకత్తా వెళ్లి చేరింది ఈయన దగ్గరే. ఆ మహలనోబిస్ దూరంతోనే పురాతన ఎముకల కొలతలు పరిశీలించే పని మీద గురువు శిష్యుణ్ణి 1946లో కేంబ్రిడ్జి పంపారు. రావు గారు 2023లో, నూటమూడో ఏట కన్నుమూశారు. మహలనోబిస్ గారు 1972 జూన్ 28న పోయారు. మరునాటికి డెబ్భైతొమ్మిది నిండేవి.